చేవ పట్టని కట్టె

అమ్మను మేము అవ్వ అనేవాళ్లం, నాన్నను బాపు అని. అవ్వ ఏదైనా దాచిపెడితే దేవుడు దిగొచ్చినా దొరకదని బాపు అనేవాడు. క్రిస్మస్ బట్టలు, బిస్కెట్ డబ్బా, బీరువా తాళంచెవి, ఏదైనా సరే, మేము ఇల్లంతా వెతుకుతుంటే ఆమె పీట మీద కూర్చుని ముసిముసిగా నవ్వేది. పోతూ పోతూ ఒక చెట్టు పేరు కూడా అలాగే దాచుకుని పోయింది.

బెల్లంపల్లిలో మా బొగ్గుగని క్వార్టర్ వెనక, బట్టలుతికే బండను ఆనుకుని ఉండేది అది. చెట్టు అనాలో మొక్క అనాలో ఇప్పటికీ నాకు తెలియదు. నా భుజం ఎత్తు, మణికట్టంత లావు మొదలు, గట్టి కర్ర. ఆకులు కోడిగుడ్డంత, కిందివైపు కొంచెం గరుకు. చిగురు ఎర్రగా వచ్చి నాలుగు రోజుల్లో పచ్చబడేది. నాలుగేళ్ల కింద సుల్తానాబాద్‌లో సంఘపు స్త్రీల కూడికకు వెళ్లి, వేర్లకు తడిగుడ్డ చుట్టి, బైబిల్ సంచిలో పెట్టుకుని తెచ్చింది అవ్వ. అప్పుడది జానెడు కూడా లేదు.

"ఏం చెట్టే అవ్వా గిది?" అని అడిగాను.

"పూసినంక చెప్త. అప్పటిదాక జర ఓపిక పట్టు" అంది.

బియ్యం కడిగిన నీళ్లన్నీ దానికే. కరీంనగర్ నుంచి నేను ఫోన్ చేసినప్పుడల్లా "నీ చిన్నబిడ్డ పూసిందా?" అని ఎగతాళి చేసేదాన్ని. "పూస్తది, దానికి నీ లెక్క తొందర లేదు" అనేది. కిందటి వానాకాలం జ్వరంతో ఆసుపత్రిలో చేరి, పదకొండో రోజు మమ్మల్ని విడిచిపోయింది. ముక్కు మీద ఆక్సిజన్ గొట్టం ఉండగానే బాపును అడిగింది, "బండకాడి దానికి నీళ్లు పోసినవా?" అని. నేను పక్కనే ఉన్నాను. పేరు అడగాలని నాకు తోచలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

బాపు రిటైరయ్యాడు కాబట్టి ఈ ఎండాకాలంలో క్వార్టర్ ఖాళీ చేసి, మా ఇంటికి కరీంనగర్ రావలసి వచ్చింది. ఆ వరుసంతా ఖాళీ కాగానే కూలగొడతారని చెప్పుకున్నారు. మంచాలు, బీరువా, కుట్టుమిషన్ వ్యానులో పడతాయి. చెట్టు సంగతే తేలలేదు.

ఒక ఆకు తీసుకుని కరీంనగర్‌లో నర్సరీకి వెళ్లాను. నర్సరీ అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "పాలు కారుతయా?" అన్నాడు. కారవన్నాను. "ముండ్లున్నయా?" లేవన్నాను. "అయితే పువ్వన్న కాయన్న తీస్కరాండ్రి మేడం."

"పువ్వే ఉంటే నీ దాక ఎందుకొస్త?" అన్నాను. నాకు ముక్కు మీదే కోపమని అవ్వ ఎప్పుడూ అనేది.

అతను మాత్రం శాంతంగానే చెప్పాడు. "పేరు తెల్వకుంట నేనేం చెప్పాలె? కొన్ని కొమ్మ గుచ్చితె లేస్తయి. కొన్ని వేరు కదిలితె సస్తయి. అసలే ఎండలు." పైగా దాని వేర్లు బండ కిందికి పోయాయి. తవ్వితే సగం తెగుతాయి.

తర్వాత సామాను సర్దడానికి బెల్లంపల్లి వచ్చి, ఫోన్‌ను నమ్ముకున్నాను. ఫొటో తీస్తే చెట్టు పేరు చెప్పే యాప్ ఒకటి ఉందంటే దించుకున్నాను. పొద్దున పొగడ అంది. సాయంత్రం అదే ఆకును బాదం అంది. మరునాడు బాపు చెయ్యి అడ్డం వస్తే ఇది మొక్క కాదంది. అది చెప్పిన నిజం అదొక్కటే.

సుల్తానాబాద్ సంఘంలో అవ్వ స్నేహితురాళ్లకు ఫోన్ చేశాను. ఒకామె తన దగ్గర నుంచి అవ్వ కరివేపాకు మొక్క పట్టుకెళ్లిన సంగతి చెప్పి ఏడ్చింది. ఇంకొకామె చెట్టు సంగతంతా విని, "కండ్లు మూస్కో బిడ్డా" అని ఫోన్‌లోనే ప్రార్థన చేసింది. నేను కళ్లు మూసుకున్నాను, ఆమేన్ కూడా అన్నాను. పేరు మాత్రం ఆమెకూ తెలియదు.

ఇక మిగిలింది బాపు. నిజానికి మొదట అడగవలసింది ఆయననే. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు ఆయనది టింబర్ పని, అంటే పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. లోపలి చీకట్లో దుంగను చేత్తో తట్టి, చప్పుడు విని, గట్టిదో పుచ్చుదో చెప్పేవాడు. కోసిన మొదలు చూసి, వాసన పీల్చి, ఇది మద్ది, ఇది ఏగిస అనేవాడు. ఆకులున్న చెట్టుతో మాత్రం ఆయనకు పని పడలేదు. ఆయన దగ్గరికి వచ్చేసరికి అన్నీ దుంగలే.

ఆఖరి ఆదివారం చర్చి నుంచి వచ్చి సామాను కడుతున్నాను. ఎండ, దుమ్ము, ఆకలి. బాపు సాయం చేయకుండా చెట్టు దగ్గర కూర్చుని దాన్ని తడుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఎందుకు బాపూ పరేషాన్ అయితవ్? పేరొక్కటి తెలిస్తే గసొంటిదే ఇంకోటి తెచ్చి పెట్టుకుందుం. జిందగీ అంతా కట్టెలతోనే ఉంటివి, గీ ఒక్క కట్టె పేరు తెల్వదా నీకు?"

ఆయన చేతులు దులుపుకుని లోపలికి వచ్చి తాళ్లు కట్టడానికి కూర్చున్నాడు. ఆ మాట ఆయనలో ఎంత లోతుకు దిగిందో నాకు తెలియలేదు.

మరునాడు పొద్దున టీ పెడుతుంటే వెనక నుంచి రంపం చప్పుడు వినిపించింది. గిన్నె దించకుండానే పరుగెత్తాను. అప్పటికే చెట్టు బండ మీద అడ్డంగా పడి ఉంది. బాపు మోకాళ్ల మీద కూర్చుని, కోసిన మొదలును ఉమ్మితో తడిపి, బొటనవేలితో రుద్దుతున్నాడు. వాసన చూశాడు. ఎండకు పెట్టి చూశాడు. మళ్లీ రుద్దాడు.

"ఎందుకు కోసినవ్ బాపూ?" అని అరిచాను.

"పేరు తెలిస్తే చాలంటివి గద బిడ్డా" అన్నాడు తల ఎత్తకుండా. "కోస్తే చేవల తెలుస్తది. బాయిల ఒక్కనాడు తప్పు చెప్పలే."

చెట్టు ముదిరాక లోపల రంగు మారి గట్టిపడేదే చేవ. కట్టె పేరు, బలం అన్నీ ఆయన అక్కడే చదివేవాడు. నేనూ వంగి చూశాను. అంచు నుంచి నడిమధ్య దాకా ఒక్కటే తెలుపు.

"చేవ పట్టలే" అన్నాడు. "గింత లేత కట్టె మా దగ్గరికి రాలే బిడ్డా. నాకు తెల్వది."

బాపు ఏడవడం అవ్వను పెట్టెలో పెట్టినప్పుడు కూడా నేను చూడలేదు, ఇప్పుడు చూశాను. ఆయన చేతిలోంచి రంపం తీసుకోవాలో, ఆయనను పట్టుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాను. లోపల టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. కోసింది ఆయనే, కోయించింది నా నోరు.

ఐదు కొమ్మలు తడి గోనెలో చుట్టి, కరీంనగర్ తెచ్చి, పెయింట్ డబ్బాల్లో గుచ్చాము. పది రోజుల్లో నాలుగు ఎండిపోయాయి. మిగిలిన ఒక్కదాన్ని వంటింటి గోడ నీడన పెట్టాము. బాపు రోజూ లేవగానే దాని ముందు కూర్చుని, వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టి వింటాడు.

"ఫికర్ చేయకు. పచ్చిగనే ఉన్నది" అంటాడు నాతో.

నిన్న ఆయన స్నానానికి వెళ్లినప్పుడు గోటితో గీకి చూశాను. లోపల పొడిగా, గోధుమ రంగు. కొన పట్టుకుని వంచితే చిటుక్కున విరిగింది. బాయిలో ఆయన గట్టిగుంది అన్నాడంటే, ఆ మాట మీద మనుషులు ఆ కప్పు కింద కూర్చుని సద్ది విప్పేవాళ్లు. కట్టె విషయంలో ఆయన ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

స్నానాల గది గడియ తీసిన చప్పుడైంది. విరిగిన కొనను కొంగులో దాచుకుని, వంటింట్లోంచి బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి డబ్బాలో పోశాను.