నాలుగుసార్లు వాడిన రాయిపొడి

కడపలో ఒక ప్రైవేటు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో కృష్ణవేణమ్మ పద్నాలుగేళ్లుగా ఆయా. శుక్రవారం పొద్దున ల్యాబు గడప ముందు ముగ్గు పడందే ఏ గాజుసీసానూ ముట్టేది కాదు.

2008లో లెక్చరర్ శ్రీవిద్య ఆ ల్యాబులోనే పీహెచ్‌డీ పని పెట్టుకుంది. పెట్రోలు జోలికి పోకుండా, మన చేలల్లో పండే ఆముదం నుంచి ప్లాస్టిక్‌కు ముడిసరుకు తీయాలి. అందుకు నాపరాయిని కాల్చి చేసిన తెల్లటి పొడి వేసేది. ఆ పొడి పని చేయించి, తాను మాత్రం ఖర్చు కాదు. వడకట్టి, కడిగి, మళ్లీ వాడొచ్చు. అప్పటికి నాలుగుసార్లు వాడింది. ఐదోసారీ పనిచేస్తేనే శనివారం వచ్చే గైడు సుదర్శన్‌గారు సంతకం పెడతారు. గురువారం సాయంత్రం పళ్లెంలో పొడి ఆరబెట్టి, “ఆ రాయిపొడి పారేయొద్దు కృష్ణవేణమ్మా, మళ్లీ పనికొస్తుంది” అని చెప్పి ఇంటికి వెళ్లింది.

కడప జిల్లాలో రాయిపొడి అంటే ముగ్గుపిండి కాక మరేమిటి? మేడమ్‌కు తన ముగ్గు మీద ఇంత శ్రద్ధ ఉందా అని కృష్ణవేణమ్మ మురిసిపోయింది. తెల్లారి వేస్తూంటే వేళ్లు చురుక్కుమన్నాయి. అసలు సరుకంటే ఇట్లాగే ఉంటుంది కాబోలు అనుకుంది.

తొమ్మిదింటికి శ్రీవిద్య వచ్చి పళ్లెం చూసింది, గడప చూసింది. నిజంగానే ఆముదం తాగిన మొహం పెట్టింది.

“మీరే గద మేడమ్ పనికొస్తాదంటిరి” అంది కృష్ణవేణమ్మ. “పనికొచ్చె.”

సంగతి తెలిశాక ఇద్దరూ గొంతుక్కూర్చుని పాత పోస్టుకార్డులతో ముగ్గు ఎత్తారు. సగమే దొరికింది. శ్రీవిద్య దాన్ని మళ్లీ కొలిమిలో కాల్చి, ఆముదమూ సగమే పోసింది. కృష్ణవేణమ్మ అన్నం ముట్టలేదు. గంటకోసారి వచ్చి సీసాలోకి తొంగిచూసి పోయేది. సాయంత్రానికి సీసాలో రెండు పొరలు విడిపోయాయి. అడుగున గ్లిజరిన్, పైన కావలసిన పసుపుపచ్చటి సరుకు. ఐదోసారీ పనిచేసింది.

మరునాడు సుదర్శన్‌గారు నోట్‌బుక్కు తిరగేస్తూ ఒకచోట ఆగారు. ‘పొడి నేలమీద ఒలికింది, సగం దొరికింది’ అని ఉంది. ఎట్లా ఒలికిందని అడిగారు. శ్రీవిద్య పేజీ తిప్పబోయింది. టీ గ్లాసులతో నిలబడ్డ కృష్ణవేణమ్మకు ఆ మాట తగలరాని చోట తగిలింది.

“ఒలికేదేంది సార్? పదకొండు చుక్కలు పెట్టి, ఒక్క గీత తప్పకుండా ఏసినా.”

ఆయనకు నవ్వుతో పొలమారింది. జరిగింది జరిగినట్టు రాయమని చెప్పి సంతకం పెట్టారు. శ్రీవిద్య ‘ఒలికింది’ కొట్టేసి ‘ముగ్గుగా వేయబడింది’ అని రాసింది. చుక్కల లెక్క కూడా ఎక్కిందాకా కృష్ణవేణమ్మ అక్కణ్నుంచి కదల్లేదు.