సత్తార్ పారబోసిన సీసాలు

అనకాపల్లి బజారులో ఇరవై ఏళ్లు కోళ్లు కోసిన అబ్దుల్ సత్తార్, ఆ తర్వాత కాలేజీ జంతుశాస్త్రం ల్యాబ్‌లో అటెండరుగా కుదిరాడు. కత్తి అదే, పని వేరు. చచ్చిన అడవి పిట్టల్ని కోసి, వాటి రక్తనాళాల్లో దాగిన దారప్పోగుల్లాంటి పురుగుల్ని తెగకుండా బయటికి లాగేవాడు. చదివింది ఐదో తరగతే అయినా, ఏ పురుగు ఏ జీవిదో చూడగానే చెప్పేవాడు.

ఆ వానాకాలం కోటవురట్ల దగ్గర ఒక ఊళ్లో ఊడ్పులకు దిగిన ఆడవాళ్ల కాళ్లు దద్దుర్లెక్కి పుళ్లు పడ్డాయి. గట్టు మీద తుమ్మచెట్లపై గూళ్లు కట్టిన, నత్తలు తినే కొంగలదే ఆ పాపమని ఊరు తేల్చేసింది. చెట్లు కొట్టేస్తామన్నారు. గూళ్ల నిండా ఎగరలేని పిల్లలు. ఆ ల్యాబ్‌లోనే పరిశోధన చేస్తున్న రాజశ్రీ, కారణం తేలుస్తానని చెట్ల యజమాని త్రినాధరావు కాళ్లావేళ్లా పడి నరుకుడు పదిహేను రోజులు ఆపించింది.

గాలివానకు పడి చచ్చిన కొంగల్లోనూ, పొలాల్లో దిగే గేదెల మీదా అనుమానంతో కబేళా నుంచి తెచ్చిన గేదె కాలేయంలోనూ పురుగులు దొరికాయి. సత్తార్ రెంటినీ భూతద్దం కింద పెట్టాడు.

"ఇది వేరు, అది వేరమ్మా. కొంగలది కాదు ఈ రోగం."

"పెద్ద పురుగుల్ని చూసి చెప్పొచ్చు బాబాయ్. కానీ కాళ్లలోకి దూరేది నత్తలోంచి వచ్చే పిల్ల పురుగు. దానికి తల్లిదండ్రుల పోలికే ఉండదు. అది ఎవరి బిడ్డో జన్యుపరీక్షే తేల్చాలి."

పొలంలోని నత్తల్లోంచి తీసిన పిల్ల పురుగులతో సహా, సగం పురుగులు ఫార్మలిన్‌లో వెయ్యమంది, ఆకారం చూడడానికి. మిగతా సగం ఆల్కహాల్‌లో, జన్యుపరీక్షకు. సీసాలు వరసగా పెట్టి ఆమె క్లాసుకు వెళ్లింది.

ఆల్కహాల్ సీసా మూత తియ్యగానే సారా వాసన గుప్పుమంది; సత్తార్‌కు తాగాలనిపించింది. ఏడేళ్ల కిందట తాగిన మత్తులో భార్య గుల్జార్‌బీ చెయ్యి విరిచాడు. ఆ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. ఆ వాసన దరి చేరనివ్వనని ఆవిడ ముందు ఒట్టేశాడు. చేతిలో సీసా, గదిలో ఒక్కడే. భయమేసింది. అన్నీ తొట్టిలో పారబోసి, ఫార్మలిన్‌తో నింపి, పురుగులు వేసి మూతలు బిగించాడు. పురుగు కుళ్లకపోతే చాలదా అనుకున్నాడు పాపం.

పన్నెండో రోజున, సీసాలు పంపిన చోటి నుంచి కబురొచ్చింది. ఏ ఒక్కటీ పరీక్షకు పనికిరాలేదు. ఫార్మలిన్ జన్యువుల్ని పాడుచేసేసింది. సీసాలు తానే తారుమారు చేశానేమోనని రాజశ్రీ తల పట్టుకుంది. పారబోసింది తానేనని సత్తార్ ఆమెకు చెప్పలేదు. అది పిరికితనమే, మరో పేరు లేదు.

గడువు తీరిన రోజు ఊరికి పరిగెత్తాడు.

"కొంగలకీ దీనికీ సంబంధం లేదు మామా! నా కళ్లతో సూసేను!"

"కాయితం ఏదీ?" అన్నాడు త్రినాధరావు. "నీ కళ్లతో మాకేటి పని సత్తారూ? ఆడోళ్ల కాళ్లు సూడు."

గొడ్డళ్లు లేచాయి. చెట్టు కూలిన ప్రతిసారీ పిల్లలు బురదలో టపటపా రాలాయి. మధ్యాహ్నానికి సత్తార్ రాలిన పిల్లలతో రెండు గోనెసంచులు నింపాడు. కొన్ని ఇంకా కదులుతున్నాయి.

ల్యాబ్‌లో రాజశ్రీ కొత్తగా సేకరించిన పురుగుల కోసం మళ్లీ సీసాలు వరస పెట్టింది. సత్తార్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"సారా సీసాల్లో నువ్వే వెయ్యమ్మా. నాను తాగుబోతుని. ఆ వాసనంటే నాకు బయం. అప్పుడూ నానే పారబోసేను."

ఆమె సీసాలు తన వైపు లాక్కుంది. "ఈ ఒక్క మాట ఆ రోజే చెప్పాల్సింది బాబాయ్," అంది.

ఇరవై రోజులకు కాగితం వచ్చింది. నత్తల్లోని పిల్ల పురుగు గేదెలదే, కొంగలది కాదు. సత్తార్ దాన్ని పట్టుకుని ఊరెళ్లాడు. త్రినాధరావు చదివి, మడిచి, తిరిగిచ్చేశాడు.

తుమ్మమొద్దుల పక్కన దేముడమ్మ కలుపు తీస్తోంది. గుడ్డలు చుట్టిన కాళ్లు గోక్కుంటూ అడిగింది: "ఏటి సత్తారూ, కొంగలు పోయినా రోగం పోలేదు? పైగా ఈ నత్తలేటి ఇన్నేసున్నాయి?"

"తినీవోల్లు లేరు కదమ్మా," అన్నాడు సత్తార్.