దుబాయిలో ఆగిన ఓటీపీ

2023 జూన్. కోరుట్ల బస్టాండు దగ్గర నా నెట్ సెంటర్‌లో డిగ్రీ అడ్మిషన్ల సందడి. వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీలో ఏ సబ్జెక్టులు కావాలో వరసగా ఆన్‌లైన్‌లో పెట్టడం, ఆ రోజు సాయంత్రం అయిదింటితో ఆఖరు.

అప్పటికి నాకు పదేళ్ల అనుభవం, దానికి తగ్గ బద్ధకమూ ఉండేవి. బీకాం కంప్యూటర్స్, ఊళ్లో కాలేజీలు అని ఒక రెడీమేడ్ లిస్టు దాచుకుని అందరికీ అదే ఎక్కించేవాణ్ణి. నాలుగున్నరకు ఒంటరిగా వచ్చిన స్వాతికీ అదే ఎక్కించాను. స్క్రీన్ చూడగానే ఆ పిల్ల మౌస్ పట్టేసుకుంది.

"ఆగన్నా! నాకు గిది వద్దు. బాటనీ, కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ కావాలె. మూడు ఒక్క కాంబినేషన్ల ఉండాలె."

నేనెప్పుడూ ఆ పేజీ అడుగుదాకా చూసిన పాపాన పోలేదు. ఇద్దరం వెతికాం. జగిత్యాలలో ఒక కాలేజీలో దొరికింది! స్వాతి చప్పట్లు కొట్టింది. నాకూ హుషారొచ్చి దాన్నే మొదటి ఆప్షన్‌గా పెట్టి సబ్మిట్ నొక్కాను. ఖరారు చేసే నంబరు, అదే ఓటీపీ, ఆధార్‌కు లింకైన ఫోనుకు పోయింది. ఆ ఫోను దుబాయిలో పనిచేసే వాళ్ల నాన్న రాజేశం జేబులో ఉంది.

వీడియో కాల్ చేశాం.

"తమ్మీ, బీకామే పెట్టినవా?" అన్నాడు రాజేశం.

"లేదన్నా, మైక్రోబయాలజీ."

"అయితే నంబర్ నేను చెప్ప. ఈడ లెక్కలు రాసేటోళ్లు ఏసీల కూసుంటరు. నా బిడ్డ నా లెక్క ఎండల ఎండద్దు."

మాటల్లోనే ఓటీపీ గడువు దాటిపోయింది. ఇంకోటి పంపాను. గడియారం అయిదుకు ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

స్వాతి ఫోను లాక్కుంది. "బాపూ, పోయినేడు మన పసుపుకు దుంపకుళ్లు ఎందుకచ్చిందని ఎన్నిసార్లు అడిగినవ్? షాపాయన ఇచ్చిన మందులన్నీ కొట్టినం, పోయిందా? గా మట్టిల ఏమున్నదో చూసే సదువే గిది. నేను సదివి నీకు చెప్త."

నేను ఉండబట్టలేక అందుకున్నాను. "అన్నా, ల్యాబుల గూడ ఏసీ ఉంటదే!"

ఆయన ఫక్కున నవ్వాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. "రాసుకో తమ్మీ" అని అంకెలు ఒక్కొక్కటే చదివాడు. ఇంకా రెండు నిమిషాలుండగా స్క్రీన్ మీద పచ్చ టిక్కు పడింది. మేం అరిచిన అరుపుకు పక్క జిరాక్సు షాపాయన పరుగెత్తుకొచ్చాడు.

ఫోను పెట్టేయబోతుంటే రాజేశం ఆపాడు. "తమ్మీ, గా సదువు పేరు మల్లోసారి చెప్పు. రూంల అందరికి చెప్పుకోవాలె." మూడుసార్లు పలికించుకుని గానీ వదల్లేదు.

స్వాతికి ఆ సీటే వచ్చింది. నేను మాత్రం ఆ సాయంత్రమే నా లిస్టు తీసేశాను. అప్పటిదాకా ఎంతమంది పిల్లలకు అడగకుండానే చదువు ఎక్కించానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇప్పుడు ఎవరొచ్చినా స్క్రీన్ వాళ్ల వైపు తిప్పి, ముందు మౌస్ వాళ్ల చేతికిస్తాను.