నవ్వుతూ చదివిన చావు కబురు

చౌటుప్పల్ లోకల్ ఛానల్‌లో సుహాసిని పదేళ్లు వార్తలు చదివింది. ఊళ్లో ఎవరైనా పోతే, ఆ కబురు చదివే ముందు కొంగు భుజం నిండా కప్పుకునేది.

జనం కేబుల్ వదిలి ఫోన్లకు మళ్లగానే, ఓనరు మహానుభావుడు ఆమెను కెమెరా ముందు కూర్చోబెట్టి రోజంతా ఏవేవో చదివించుకున్నాడు. ఆ తర్వాత ఇక రావద్దన్నాడు. ఇప్పుడు ఆమె ముఖంతో, ఆమె గొంతుతో కంప్యూటరే వార్తలు చదువుతోంది.

అప్పటి నుంచి సుహాసినికి ఒకచోట కాలు నిలవడం లేదు. వార్తల వేళయితే చాలు, వంట మధ్యలో వదిలేసి తల దువ్వుకుంటుంది. అంతలోనే దువ్వెన విసిరికొడుతుంది. ఆ ఛానల్ మాత్రం చచ్చినా చూడదు.

ఒక సాయంత్రం ఇంట్లో ఉండలేక అంగడికి పోయింది. చాలా రోజులకు కూరగాయల భద్రమ్మ కనిపించింది.

"ఏం భద్రమ్మా, కనబడ్తనే లేవు?"

భద్రమ్మ తక్కెడ కింద పెట్టింది.

"మా ముసలాయన పోయిన ముచ్చట నువ్వే చదివితివి గద బిడ్డా. చదివితే చదివినవ్, గట్ల నవ్వుకుంట చదివినవేంది?"

"అది నేను కాదమ్మా, కంప్యూటర్..."

"జర ఊకో. పదేండ్ల సంది చూస్తున్న. నీ మొఖం నాకు తెల్వదా?"

సుహాసిని కొంగు భుజం నిండా కప్పుకుంది. భద్రమ్మ అటు చూడనే లేదు.