గొట్టంలో నిద్ర, గోడలో మెలకువ

మా చెల్లెలు సీతాఫల్‌మండిలో ఒక చిన్న బడికి హెడ్మిస్ట్రెస్. ఆ బడిలో పై తరగతుల ఆడపిల్లలు పొద్దున వచ్చింది మొదలు సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా మంచినీళ్ళు ముట్టేవాళ్ళు కాదు. దాహం లేక కాదు. తాగితే వెళ్ళాలి, వెళ్ళడానికి చోటు లేదు. ఉన్న ఒకే ఒక్క మరుగుదొడ్డి చిన్నపిల్లలకూ టీచర్లకూ కలిపి. దాని తలుపుకు గొళ్ళెం నిలవదు. ఈ సంగతి తెలిసిన బడి కమిటీ ఏళ్ళ తరబడి చేసిన పని ఒకటే. చర్చించింది.

కట్టాలా వద్దా అని కాదు ఆ చర్చ. ఏ మూల కట్టాలి అని. ఆవరణలో ఖాళీగా ఉన్నది ఈశాన్యం మూల ఒక్కటే. ఈశాన్యంలో మరుగుదొడ్డా? అమ్మో! ఈ మాట అన్నవాళ్ళంతా క్రైస్తవులేనని చెబితే బయటివాళ్ళు నమ్మరు. బడి చర్చి సంఘం వాళ్ళది. ఆదివారం మోకరించి ప్రార్థించే పెద్దమనుషులే సోమవారం వాస్తు చూసేవాణ్ణి ఆటో ఎక్కించుకొచ్చారు. నేను బోయిగూడలో అదే సంఘపు కుటుంబంలో పుట్టి, చదువుకునే రోజుల్లోనే నమ్మకం వదిలేసి, మూఢత్వం మీద వ్యాసాలు రాస్తూ బతుకుతున్నవాణ్ణి. ఒక మీటింగుకు చెల్లెలు నన్ను తీసుకెళ్ళింది. "మీ పుస్తకంలో ఈశాన్యం ఏ అధ్యాయంలో ఉందో చూపించండి, నేను ఇప్పుడే లేచి వెళ్ళిపోతాను" అన్నాను. ఎవరూ చూపించలేదు. కానీ నన్ను మళ్ళీ పిలవలేదు.

ఆ చిక్కు విప్పింది నా వాదన కాదు, నా మేనకోడలి మెషీను.

చెల్లెలి కూతురు ఇంజినీరు. ఏ.ఎస్. రావు నగర్ దాటాక ఒక రేకుల షెడ్డులో, తనలాంటి మరి కొందరితో కలిసి, గోడల్ని ప్రింటు చేసే యంత్రం తయారు చేస్తోంది. త్రీడీ ప్రింటింగ్ అంటే నాకు అప్పటిదాకా బల్ల మీద పెట్టుకునే ప్లాస్టిక్ బొమ్మలే తెలుసు. చెల్లెలితో కలిసి షెడ్డుకు వెళ్ళి చూశాను. నేల మీద రెండు పట్టాలు. వాటి మీద ముందుకూ వెనక్కూ నడిచే ఇనుప చట్రం. ఆ చట్రానికి వేలాడే ఒక మూతి. మూతిలోంచి సిమెంటూ ఇసుకా కలిపిన మాల్ మణికట్టంత లావున వరసలు వరసలుగా దిగుతోంది. వరస మీద వరస, చుట్టు మీద చుట్టు. చెక్క పలకలు బిగించినవాడు లేడు, తాపీ పట్టినవాడు లేడు. గోడ తనంతట తాను లేస్తోంది. నేను చిన్నపిల్లాడిలా దాని చుట్టూ తిరిగాను.

"ఏం లేదన్నయ్యా, క్రిస్మస్‌కు అమ్మ తిప్పే జంతికల గొట్టమే. కాస్త పెద్దది" అంది మా చెల్లెలు.

"అమ్మా! నీకు జంతికలు తప్ప ఏం కనపడదా?" అని కూతురు కోప్పడింది కానీ, చెల్లెలి పోలికలో అసలు కిటుకంతా ఉంది. పిండి జారుగా ఉంటే గొట్టంలోంచి సులువుగా దిగుతుంది, కానీ ఆకారం నిలవదు. గట్టిగా ఉంటే ఆకారం నిలుస్తుంది, గొట్టం తిప్పేవాళ్ళ భుజాలు పడిపోతాయి. కాంక్రీటుకూ ఇదే తగువు. పొడుగాటి పైపులో అది నీళ్ళలా పారాలి. గోడ మీద పడ్డ మరుక్షణం నుంచి పై వరసల బరువు మోయాలి. ఒకే పదార్థం రెండు విరుద్ధమైన పనులు చేయాలి. మొదట్లో వీళ్ళు రెంటికీ మధ్యస్థంగా కలిపారట. నడుము ఎత్తు రాగానే గోడ పొట్ట ఉబ్బి కూలింది. మళ్ళీ కలిపారు. మళ్ళీ కూలింది.

"తర్వాత మధ్యే మార్గం మానేశాం మామయ్యా" అంది మేనకోడలు. "పైపులో ఉన్నంతసేపు గట్టిపడకుండా నిద్రపుచ్చే మందు కలుపుతాం. మూతి దగ్గరికి రాగానే లేపే మందు కలుపుతాం. పైపులో నిద్ర, గోడలో మెలకువ."

ఆ మాట విని నేను ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ. రెండు వైపులా కొంచెం కొంచెం సర్దుకుపోవడమే వివేకం అని మనకు చిన్నప్పట్నుంచి నూరిపోశారు. ఇక్కడ ఆ సర్దుబాటే గోడను కూల్చింది! సమస్యను రెండుగా చీల్చి, దేనికి కావలసింది దానికి పూర్తిగా ఇస్తేనే గోడ నిలబడింది. ఎండ ముదిరితే లేపే మందు తగ్గుతుంది, మబ్బు పడితే పెరుగుతుంది. మూతి పక్కనే ఉన్న చిన్న కెమెరా వరస వెడల్పును చూస్తూ ఉంటుంది, సన్నబడితే పంపు వేగం పెంచుతుంది. చూడటం, లెక్కించడం, సరిదిద్దడం. నేను జీవితమంతా కాగితం మీద అడుగుతూ వచ్చిన గుణాలు ఆ ఇనుప చట్రంలో పనిచేస్తున్నాయి.

షెడ్డు బయట వాళ్ళు ఇంకా ఏదీ కట్టలేదు. బడికి వేసవి సెలవులు వస్తున్నాయి. సెలవులు అయ్యేలోపు ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టిస్తానని మేనకోడలు కమిటీ ముందు నిలబడింది. ఈశాన్యం మాట వచ్చింది. సంఘపెద్ద, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఇళ్ళు కట్టించి పెద్దవాడైన కాంట్రాక్టరు, గొంతు సవరించుకున్నారు.

"తాతగారూ, వాస్తు సంగతి నాకు తెలీదు. మా మెషీను పట్టాలు పట్టేది ఆ మూలలోనే. ఇంకో మూలలో మెషీనే పట్టదు" అంది ఆమె.

నా తర్కానికి లొంగని మనిషి ఒక కొలతకు లొంగాడు. అయితే ఒక షరతు పెట్టారు.

"శంకుస్థాపన ప్రార్థన లేకుండా ఇటుక మీద ఇటుక పెట్టనివ్వను."

"ఇందులో ఇటుకే లేదండీ తాతగారూ."

"అదే నా బాధ! మరి రాయి ఎక్కడ వేయమంటావమ్మా?"

ఆఖరుకు రాజీ కుదిరింది. గోడ మోకాలెత్తు లేచాక మెషీను ఆపుతారు. గోడ లోపల బోలుగా ఉంటుంది కాబట్టి పెద్దలు తలా ఒక గులకరాయి ఆ బోలులో వేస్తారు. పాస్టరు గారు చిన్న ప్రార్థన చేస్తారు. ఆయన మేనకోడలికి మాట కూడా ఇచ్చారు, చిన్న ప్రార్థనేనని. మెషీను ఎక్కువసేపు ఆగితే మూతిలో మాల్ గట్టిపడుతుంది; అలా కాకుండా మూతిని పూర్తిగా కడిగి మళ్ళీ బిగించాలంటే చాలాసేపు పడుతుంది. చిన్న విరామమే కదా, కడగనక్కర్లేదని ఆమె లెక్క.

పని మొదలుపెట్టే రోజు ఉదయం ఆవరణంతా ఆకుపచ్చ నీడవల కట్టారు. చెల్లెలు గేటు దగ్గరే నా చేయి పట్టుకుంది. "అన్నయ్యా, నీకు దండం పెడతాను. ఇవాళ నోరు తెరవకు." సరేనన్నాను. మిక్సరు దగ్గర పంపు చూసుకునే ఆయన వచ్చి నన్ను అదిలించాడు: "ఏందీ సార్, గిట్ల ముంగటికొస్తున్నరు? జెర పక్కకు జరగుండ్రి, పైపు తొక్కుతరు. దావత్‌కి వచ్చినట్టు నిలబడ్డరు." దావత్‌కి వచ్చినంత సంబరంగానే ఉంది నాకు.

మెషీను షురూ అయింది. చిన్న కట్టడం కావడం వల్ల ఒక చిక్కు ఉంది. మూతి ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి కింది వరస ఇంకా పచ్చిగానే ఉంటుంది, పై వరస వేస్తే అణిగిపోతుంది. అలాగని ప్రతి చుట్టుకూ మూతిని ఆపి నిలబెట్టలేరు. మేనకోడలు దానికి చేసిన ఉపాయం చూసి నాకు ఒళ్ళు పులకరించింది. గోడ ఒక వరస వేశాక మూతి పక్కకు వెళ్ళి, చేతులు కడుక్కునే తిన్నె ఒక వరస వేస్తుంది. ఈలోగా గోడ గట్టిపడుతుంది. మళ్ళీ గోడకు వస్తుంది, అప్పుడు తిన్నె గట్టిపడుతుంది. ఎదురుచూడటం అనే పనిలోంచి ఒక తిన్నె పుట్టింది!

గోడ మోకాలెత్తుకు వచ్చింది. మెషీను ఆపారు. మూతిని ఒక బకెట్టు మీదికి జరిపారు. అందులో మిగిలిన మాల్ ముద్దలు ముద్దలుగా బకెట్లోకి జారుతోంది. "అది జారుతున్నంతసేపు భయం లేదు మామయ్యా. జారడం ఆగిందంటే లోపల పట్టేస్తోందని. పూర్తిగా పట్టేస్తే ఆ మూతి పారేయడమే. ఇంకోటి చేయించి తెచ్చేసరికి సెలవులు అయిపోతాయి" అని చెప్పి, ఆమె గోడకు అవతలి పక్క తల్లి దగ్గరికి వెళ్ళి కొంగు తల మీద వేసుకుని నిలబడింది.

పెద్దలు రాళ్ళు వేశారు. ఒక చరణం పాట పాడారు. పాస్టరు గారు ప్రార్థనకు నోరు తెరిచి, ఏం తోచిందో, సంఘపెద్ద వైపు తిరిగి, "పెద్దలు మీరుండగా నేనెందుకండీ, మీరే నడిపించండి" అన్నారు.

మర్యాద! ఆ ఒక్క మర్యాదను ఏ ఇంజినీరూ లెక్క వేయలేదు. పాస్టరు మాట ఇచ్చారు, సంఘపెద్ద ఇవ్వలేదు. మా సంఘాల్లో పెద్దవాళ్ళ ప్రార్థన ఎలా ఉంటుందో అక్కడ పెరిగినవాళ్ళకు తెలుసు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆయన సృష్టి దగ్గర మొదలుపెట్టారు. ఈ దేశాన్ని, ఏలికలను, రోగులను, వితంతువులను, రైలు ప్రయాణాల్లో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే దేవుడి చేతుల్లో పెట్టారు. మధ్యలో ఒకచోట ఇలా అన్నారు: "తండ్రీ, మా ఆడబిడ్డలు దాహం చంపుకుని చదువుతున్నారు." ఆ మాట నన్ను తాకింది. నిజమైన మాట. కానీ వెంటనే ఆయన విదేశాల్లో ఉన్న మిషనరీల దగ్గరికి వెళ్ళిపోయారు.

అక్కడ కళ్ళు తెరిచి ఉన్నది నేనొక్కణ్ణే. పంపు దగ్గరి ఆయన కూడా, మన మతం కాకపోయినా మర్యాద కదా అని, టోపీ తీసి కళ్ళు మూసుకున్నాడు. నేను మూతినే చూస్తున్నాను. ముద్ద జారింది. ఇంకో ముద్ద, కాస్త ఆగి. తర్వాతది వేలాడింది కానీ జారలేదు.

మేనకోడలు పచ్చి గోడకు అవతల, తల వంచుకుని. గోడ తాకలేను, దాటలేను, చుట్టూ తిరిగి వెళ్దామంటే సంఘమంతా అడ్డం. పేరు పెట్టి అరిస్తే అందరూ కళ్ళు తెరిచి నన్ను చూస్తారు, మూతిని చూడరు, తగువు మొదలవుతుంది, తగువు ప్రార్థన కంటే పొడుగు. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగారు.

"ఆమేన్!" అన్నాను, గొంతెత్తి.

"ఆమేన్" అంది సంఘమంతా ఒక్క గొంతుతో. పంపు దగ్గరి ఆయన కూడా అన్నాడు. అలవాటు ఎంత బలమైందంటే సంఘపెద్ద పెదవులు కూడా ఆ మాటకు కదిలాయి. కళ్ళు తెరుచుకున్నాయి. నేను మూతి వైపు చూపించాను.

మేనకోడలు కొంగు గాలికొదిలి పరుగెత్తింది. "నీళ్ళు! నీళ్ళు పెట్టండి!" బిగింపులు విప్పింది, మూతిని ఊడదీసి నేల మీద పెట్టి స్క్రూడ్రైవరుతో పొడిచింది. రాలేదు. పంపు దగ్గరి ఆయన నీళ్ళ పైపు తెచ్చి లోపలికి కొట్టాడు. "ఆగన్నా, ఇటునుంచి... ఇప్పుడు కొట్టు!" బొటనవేలంత బిరడా టప్పున ఊడి నా చెప్పు మీద పడింది. వెనకాలే మెత్తటి మాల్ బుడబుడా వచ్చింది. ఆమె నేల మీద కూర్చుండిపోయి పగలబడి నవ్వింది.

సంఘపెద్ద నా దగ్గరికి వచ్చారు. "నా ప్రార్థన మధ్యలో ఆపడానికి నువ్వెవరివయ్యా?"

"మీ ప్రార్థన నెరవేరాలంటే ఆపక తప్పలేదండీ."

పాస్టరు గారు నవ్వు ఆపుకోలేకపోయారు. "వీడి నోట ఆమేన్ వినాలని వాళ్ళమ్మ ఎన్నాళ్ళు మొరపెట్టుకుందో! ఈరోజు విన్నాం. ఇక నువ్వెన్ని వ్యాసాలైనా రాసుకో."

"రాస్తానండీ. ఇది కూడా రాస్తాను. దేవుడు వినలేదు, మేనకోడలు వింది అని రాస్తాను."

"అన్నయ్యా!" అంది చెల్లెలు. అప్పటికే నోరు తెరిచేశాను కదా.

ఆగిన చోట వరస ఎండింది. మేనకోడలు దాన్ని గరుకుగా గీకి, తడిపి, సిమెంటు పాలు పూసి, ఆ చోట సుద్దతో గుర్తు పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. మర్నాడు సంఘపెద్ద సుత్తి తెచ్చుకుని వచ్చి, గుర్తున్న చోట ఒక పెద్ద కాంట్రాక్టరు కొట్టవలసిన విధంగానే కొట్టి చూశారు. చెవి ఆనించి విన్నారు. మళ్ళీ కొట్టారు. "ఊఁ" అన్నారు. ఏళ్ళ తరబడి గోడలు కట్టించిన మనిషి నోట ఆ ఊఁ మాకు చాలు. నమ్మకం వేరు, పరీక్ష వేరు. ఆయన సుత్తి పట్టుకున్న నిమిషం నుంచి మేమిద్దరం ఒకే వైపు ఉన్నాం. ఆయన ఒప్పుకోరు, అది వేరే సంగతి.

గోడ పూర్తయింది, రేకుల పైకప్పు పడింది, తలుపులకు గట్టి గొళ్ళేలు పడ్డాయి. బడి తెరిచిన రోజు ఇంటర్వెల్ గంట కొట్టగానే పై తరగతుల ఆడపిల్లలు ఆ మూలకు పరుగెత్తారు. లోపలి నుంచి కేరింతలు, నీళ్ళ చప్పుడు, "నేను ముందొచ్చిన!" అనే కొట్లాట. మేనకోడలు బయట వేపచెట్టు కింద నిలబడి, ఏం వినాలో తెలియనట్టు అంతా వింటోంది.

పొడుగు జడల పిల్ల ఒకతె చేతులు విదిల్చుకుంటూ బయటికి వచ్చింది. "అక్కా, మీరేనా కట్టింది? మంచిగుంది. కానీ అద్దం ఏదక్కా? అద్దం లేకుంటే ఎట్ల?"

"అద్దమా?" అంది మేనకోడలు. గోడ గుండ్రం, పైగా వరసలు వరసలుగా గట్లు. చదునైన అద్దం దాని మీద ఆనదు. ఆమె నా వైపు చూసింది, గోడ వైపు చూసింది, అప్పటికే జేబులోంచి కొలిచే టేపు తీస్తోంది.

"మామయ్యా, ఈ కొస పట్టుకోండి."

పట్టుకున్నాను.