తిమ్మప్ప గారి తాగుబోతులు

మా తిమ్మప్ప గారి దృష్టిలో ఈ లోకంలో తాగని వస్తువు లేదు. కుర్చీ తాగుతుంది, కాగితం తాగుతుంది, కిటికీ కర్టెను కూడా తాగుతుంది. ఎంత తాగిందన్నదే ఆయన బాధ. మా విశ్వవిద్యాలయంలో కొనుగోళ్ల విభాగానికి ఆయన అధికారి. నేను ఆయన కింద అసిస్టెంటుని, పేరు రేఖ, పుట్టుకతోనే భయస్తురాలిని. ఇంకే ఆఫీసరూ దొరకనట్టు దేవుడు నన్ను తీసుకొచ్చి ఆయన కింద పడేశాడు.

తప్పంతా ఆయనదే అనడానికీ లేదు. ఇకమీదట ఏది కొన్నా ధర ఒక్కటే చూడకూడదు, అది తయారైన తీరు వల్ల పర్యావరణానికి ఎంత చేటు జరిగిందో కూడా చూసి మార్కులు వెయ్యాలని మాకు ఉత్తర్వు వచ్చింది. ఇంకొకరైతే ఒక కమిటీ వేసి, ఫోటో దిగి హాయిగా ఉండేవారు. అనంతపురంలో పుట్టి పెరిగిన తిమ్మప్ప గారికి పర్యావరణం అంటే ఒకటే అర్థం, నీళ్లు. ఒక వస్తువు తయారవడానికి ఎన్ని నీళ్లు పట్టాయో బిందెల్లో లెక్క కట్టేవారు. లెక్క మించితే దానికి తాగుబోతు అని పేరు పెట్టి పక్కన పడేసేవారు.

"ఏమప్పా, ఇది ఎంత తాగినాది?" అని అడిగారొకసారి, తెల్లకాగితాల నమూనా తెచ్చిన రవికుమార్‌ని.

పాపం రవికుమార్ ఆ కట్టను అటూ ఇటూ తిప్పి, వేళ్లతో నొక్కి చూశాడు. "తడవలేదు సార్. పొడిగానే ఉండాది."

"ఈడికొచ్చినాక గాదప్పా. మిల్లులో గుజ్జు చేసేటప్పుడు తాగినాది."

"నాకెట్ల తెలుస్తాది సార్? నేను ఆడ లేను గదా."

"కనుక్కోని రా. మనింటికొచ్చేవాడు యాడ తాగొచ్చినాడో తెలుసుకోవల్ల గదా."

రవికుమార్ బయటికొచ్చి, నా టేబులు మీదికి వంగి, "మేడం, సార్‌కు ఒంట్లో బాగుండాదా?" అని మెల్లగా అడిగాడు. నేను ఫైల్లోకి తల దూర్చేశాను.

కాఫీ ఇస్తే ఆయన తీసుకునేవారు కాదు. "ఈ కప్పు మనకంటే ముందే పది బిందెలు తాగొచ్చినాదమ్మా. దాన్ని మళ్లా మనం తాగేదేంది?" అని మజ్జిగ చెంబు ఎత్తేవారు. ఆయన ఎదురుగా కాఫీ తాగాలంటే నాకు దొంగతనం చేస్తున్నట్టు ఉండేది. స్టోరు గదిలో నిలబడి తాగి వచ్చేదాన్ని.

ఇవన్నీ ఆఫీసు నాలుగు గోడల మధ్య ఉన్నంతకాలం ఎలాగో నెట్టుకొచ్చాను. రిజిస్ట్రారు గారి అబ్బాయి హేమంత్ పుట్టినరోజుకు మా సెక్షనంతా వెళ్లినప్పుడు పరువు పోయినంత పనైంది. వాడు కొత్త జీన్స్ ప్యాంటు వేసుకుని కాళ్లకు దణ్ణం పెట్టాడు. తిమ్మప్ప గారు అక్షింతలు వేసి, తండ్రి వైపు తిరిగి, "మంచి పిల్లోడే సార్. కానీ తాగుబోతును తగిలించుకున్నాడు. కొన్ని వందల బిందెలు తాగుంటాది అది," అన్నారు. లోపలి గదిలో ఉన్న రత్నమ్మ గారికి, అంటే హేమంత్ నాయనమ్మకు, చెవులు కొంచెం మందం. ఆమెకు వినపడినవి రెండే మాటలు: పిల్లోడు, తాగుబోతు. చాకు చేతిలో ఉన్న మనవణ్ణి కేకు దగ్గర్నుంచి లాక్కెళ్లి నోరు వాసన చూసింది.

ఇక అసలు ప్రమాదం స్నాతకోత్సవం రూపంలో వచ్చింది. ఈసారి పట్టా తీసుకునే పిల్లలకు నల్ల గౌన్లు వద్దు, నీలిరంగు నూలు ఉత్తరీయాలు కప్పుదామని తీర్మానం జరిగింది. టెండర్లలో పాతూరు బట్టల వ్యాపారి విష్ణువర్ధన్ ధర అందరికంటే తక్కువ. నమూనా కూడా బాగుంది. ఆయన రంగుల షెడ్డు గార్లదిన్నె దగ్గర ఒక పల్లెలో ఉంది. ఊరివాళ్ల తాగునీటికి తన షెడ్డు వల్ల ఏ ఇబ్బందీ లేదని హామీపత్రం మీద సంతకం కూడా పెట్టాడు. అయినా తిమ్మప్ప గారు స్కూటరెక్కి షెడ్డు చూడటానికి వెళ్లారు.

తిరిగొచ్చాక స్కూటరు తాళం టేబులు మీద పడేశారు. మజ్జిగ కూడా ముట్టలేదు. కంప్యూటరు ముందు కూర్చుని, విష్ణువర్ధన్ టెండరు తిరస్కరించి, కారణం రాయాల్సిన చోట ఒకే ముక్క టైపు చేశారు: తాగుబోతు.

"సార్, అది టెండరేసినోళ్లందరికీ కనపడతాది సార్," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"కనపడనీమ్మా," అని బటన్ నొక్కేశారు.

విష్ణువర్ధన్ టీ కూడా ముట్టని మనిషి. శనివారాలు ఒంటిపూట భోజనం చేస్తాడు. అలాంటి వాణ్ణి విశ్వవిద్యాలయమే పరీక్షించి తాగుబోతని తేల్చిందని పొద్దుగూకేలోపు పాతూరంతా పాకిపోయింది. భజన బృందం వాళ్లు వచ్చి ఆయన వాయించే తాళాలు వెనక్కి అడిగారు. భార్య చౌడేశ్వరి దుకాణంలో బట్టల తానులన్నీ దించి, వెనకాల సీసాలేమైనా ఉన్నాయేమోనని వెతికింది.

మరునాడు పొద్దున్నే ఆయన రక్తపరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టుతో నేరుగా నా టేబులు దగ్గరికి వచ్చాడు. "చదవండి మేడం. చుక్క లేదు. షుగరు మాత్రం ఉండాది. ఒప్పుకుంటాండా. కోర్టుకు పోతా. మీ సార్‌ను వదల్ను."

రిజిస్ట్రారు గారికి పుట్టినరోజు నాటి మంట ఇంకా చల్లారలేదు. మధ్యాహ్నంలోగా ఆ మాట వెనక్కి తీసుకుని క్షమాపణ రాసివ్వాలని, లేకపోతే తిమ్మప్ప గారిని సస్పెండ్ చేస్తానని కబురు పెట్టారు. స్నాతకోత్సవం చూస్తే ముంచుకొస్తోంది, పిల్లల భుజాల మీద కప్పడానికి జేబురుమాలు కూడా లేదు. క్షమాపణ నేనే టైపు చేసి పట్టుకెళ్లాను.

"అచ్చుతప్పు పడినాదని చెప్పేద్దాం సార్. తాగునీరు అని రాయబోయి..."

"అచ్చుతప్పు గాదమ్మా. ఆలోచించే రాసినా," అన్నారు. కానీ ఆయన ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. ఆ మనిషికి కూడా భయమేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. అది చూశాక నా భయం రెండింతలైంది.

రిజిస్ట్రారు గారి గదిలో విష్ణువర్ధన్ లేచి నిలబడ్డాడు. "నేనేం తాగినానో అందరి ముందరా చెప్పమను సార్."

తిమ్మప్ప గారు ఆయన దగ్గరికి వెళ్లారు. తర్వాత నెమ్మదిగా, "మీ షెడ్డు పక్క వీధిలో బయమ్మ అని ఉండాదప్పా. నిన్ను అడిగినానని చెప్పమన్నాది," అన్నారు.

అంతే. విష్ణువర్ధన్ ముఖంలో రంగు మారిపోయింది. రిపోర్టును నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. "నాదే పొరపాటు సార్. మాట సరిగా అర్థం గాలేదు. కంప్లైంటు లేదు, ఏమీ లేదు," అని బయటికి నడిచాడు. రిజిస్ట్రారు గారు నా వైపు చూశారు. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను.

వరండాలో విష్ణువర్ధన్ తిమ్మప్ప గారి కోసం ఆగి ఉన్నాడు. "ఆయమ్మ నా దగ్గరికి గూడా వచ్చినాదన్నా. మా బోరు లోతుకు దించినాక వాళ్ల వీధి బోరు ఎండిపోయినాదని. సూద్దాంలే అని పంపిచ్చినా. నేను పెట్టిన సంతకం అబద్ధమని తెలిసి గూడా ఆ మాట యాలప్పా రాయకపోతివి?"

"రాస్తే నిన్ను బ్లాక్‌లిస్టులో పెడతారు. షెడ్డు మూతపడతాది. ఆడ పనిచేసేదెవరు? బయమ్మ కోడలు, ఆ వీధి ఆడోళ్లే గదా. నీళ్లు పోయినాయి, పనీ పోతే ఎట్ల?" తిమ్మప్ప గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "అబద్ధాలకోరు అని రాస్తే మళ్లా ఎవురూ గడప తొక్కనీరు. తాగుబోతు అనుకో, మానేసి రావొచ్చు."

విష్ణువర్ధన్ అక్కడి నుంచే గార్లదిన్నె బస్సెక్కాడు. ఇన్నేళ్లూ ఆయన్ను చాదస్తుడని అనుకున్న నేను వెళ్లి మజ్జిగ చెంబు తెచ్చి ఆయన చేతికిచ్చాను.

వారం తిరక్కుండా మళ్లీ టెండరు పిలిచాం. ఈసారి రంగు అక్కర్లేదు, నూలు తెలుపే చాలని తిమ్మప్ప గారు అందరినీ ఒప్పించారు. విష్ణువర్ధన్ షెడ్డు బోరు నీళ్లు ఇప్పుడు బయమ్మ వీధి ట్యాంకుకు పోతున్నాయి. షెడ్డులో ఆడవాళ్లు రంగు తొట్లు పక్కన పెట్టి నమూనా ఉత్తరీయాలకు అంచులు కుడుతున్నారు.

టెండరు తెరిచిన రోజు గది నిండా వ్యాపారులు. రిజిస్ట్రారు గారు పద్ధతి ప్రకారం, "విష్ణువర్ధన్ గారూ, పోయినసారి మీ మీద చెప్పిన అభ్యంతరం సరిచేసుకున్నారా?" అని అడిగారు.

ఆయన లేచి రెండు చేతులూ జోడించాడు. "మానేసినాను సార్."

వ్యాపారులంతా చప్పట్లు కొట్టారు. టెండరు ఆయనకే దక్కింది. బయటికి రాగానే పుల్లన్న అనే ఫర్నిచరు వ్యాపారి ఆయన్ను పక్కకు తీసుకెళ్లి, "ఏం మందు వాడినావప్పా? మా బావమరిదికి గూడా కావల్ల," అని గుసగుసగా అడిగాడు. విష్ణువర్ధన్ మా సెక్షను తలుపు వైపు చూపించి, "మందేం లేదన్నా. ఆ సార్ హస్తవాసి మంచిది," అన్నాడు.

మరునాడు నేను ఆఫీసుకు వచ్చేసరికి ఆ బావమరిది తిమ్మప్ప గారి ఎదుట చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన ఎవరో, ఎందుకొచ్చాడో తిమ్మప్ప గారికి తెలియదు. ఏదో సరుకు అమ్మడానికి వచ్చాడనుకుని, ఎంతో ఆప్యాయంగా అడుగుతున్నారు:

"చెప్పప్పా, నీది ఎన్ని బిందెలు?"