సుధీర్ కోసం చేయించిన ప్రార్థన

మొన్న గిద్దలూరులో మా అమ్మాయి ఇంట్లో మధ్యాహ్నం అన్నాలు తిని నడుం వాల్చబోతుంటే, మా మనవరాలు ఫోను ముందేసుకుని మూతి ముడుచుకుని కూర్చుంది. బతిమాలగా బతిమాలగా సంగతి చెప్పింది. తాను వారం వారం చదివే బొమ్మల కథలో లోకాన్ని కాపాడే వీరుడొకడు ఉన్నాడట, ఈ వారం వాడి ప్రాణస్నేహితుడు పోతే, శత్రువు మీదికి ఉరకకుండా కథ పొడుగునా దిగులుపడి కూర్చున్నాడట, దాంతో చదివినవాళ్ళంతా కింద తిట్లు రాస్తున్నారట. ఏం రాశారో చదవవే అన్నాను. ఈ ఏడుపు చూడటానికా మేము చదివేది అని ఒకరు, వీరుడంటే ఇట్లానా ఉండేది అని ఒకరు, పాతవాణ్ణి మాకు తెచ్చివ్వండి, ఈ పిరికివాడు వద్దు అని మరొకరు. నాకు కునుకు ఎగిరిపోయింది, ఒళ్ళు మండిపోయింది కూడా, ఎందుకంటే ఆ మాటలు నాకు కొత్తవి కావు, వాటిని మార్కాపురం పలకల షెడ్డులో నా మొహం మీదే అన్నారు.

మీరు నా ఈడువాళ్ళయితే, మీరు అ ఆలు దిద్దిన పలక మా మార్కాపురం వైపు నుంచి వచ్చిందే అయి ఉంటుంది, కాబట్టి ఆ షెడ్డుకూ మీకూ ఏదో ఒక చుట్టరికం ఉన్నట్టే. మగవాళ్ళు రాయిని పలచగా చీల్చి కోసేవాళ్ళు, ఆడవాళ్ళం నున్నగా రుద్ది, కడిగి, చెక్క చట్రాలు బిగించేవాళ్ళం, సాయంత్రానికి రెప్పల మీద కూడా నల్లటి దుమ్ము పేరుకునేది. బడి మాని మా అమ్మతో పాటు ఆ పనిలో చేరిన నాకు చదవటం బాగా వచ్చని తెలిశాక, మావాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. నేను పలకల దొంతి మీద కూర్చుని పుస్తకం చదవాలి, నా వాటా చట్రాలు మిగతా ఆడవాళ్ళు తలా కొన్ని బిగించాలి. మేస్త్రీ మొదట్లో గొణిగాడు గానీ, చదువు సాగుతున్నంతసేపూ చేతులు ఆగటం లేదని చూసి ఊరుకున్నాడు, పోను పోను తానూ వచ్చి స్తంభానికి ఆనుకుని వినేవాడు.

మేము చదివింది ఉక్కురెక్క అనే వీరుడి కథ. ఒక పిల్లల మాసపత్రికలో బొమ్మలతో వచ్చేది, బస్టాండు దుకాణంలో అది దిగిన రోజు షెడ్డుకు పండగే. ఉక్కురెక్క పగలు సుధీర్ అనే పేరుతో కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్, ఆపద వస్తే వీపున ఇనుప రెక్కలు విచ్చుకుని కొండల్ని కూడా పక్కకు నెట్టేవాడు. బొమ్మల కథను పైకి చదవటం తేలికనుకునేరు, మాటలు చదివితే సరిపోదు, బొమ్మను కూడా చెప్పాలి, వాడు ఎట్ల నిలబడ్డాడు, మబ్బు ఎట్ల పట్టింది, వెనక ఎవరు నక్కి ఉన్నారు, అన్నీ చెప్పకపోతే మా వాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. నేను కాస్త నా సొంత కారం కూడా కలిపేదాన్ని, ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

ఒక నెల కథ మలుపు తిరిగింది. ఆనకట్ట గేటు ఊడి ఊరు మునిగిపోయే పరిస్థితి, సుధీర్ దాన్ని భుజంతో ఆపి నిలబడ్డాడు, అదే సమయంలో ఇంటి దగ్గర వాళ్ళమ్మ ఆఖరి ఊపిరి మీద ఉండి వాణ్ణి కలవరిస్తోంది. వాడు గేటు వదిలితే ఊరు పోతుంది, వదలకపోతే తల్లి దక్కదు. వదల్లేదు. నీళ్ళు తగ్గాక ఎగిరి ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాతి పేజీలో ఒక్క అక్షరం లేదు, పేజీ మొత్తానికీ ఒకటే బొమ్మ, ఖాళీ మంచం దగ్గర నేల మీద కూర్చుని, రెక్కలు రెండూ దుమ్ములో వాలేసి, వాడు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. దొంతి దిగి, ఆ పేజీని ఒక్కొక్కరి ముందూ పట్టుకుని షెడ్డంతా తిరిగాను.

మగవాళ్ళు చూసి నవ్వారు. రాయి కోసే మా చిన్నాయన అయితే పని ఆపి మరీ అన్నాడు. "ఇదేందమ్మా, కొండలు మోసే మొగోడు గుడ్లనీళ్ళు కక్కుకుంటా కూచున్నాడు? వీడేం వీరుడు? పారెయ్యి ఆ పుస్తకాన్ని." ఆడవాళ్ళందరూ కూడా వాడి పక్షం కాదు సుమా. చట్రాలకు మేకులు కొట్టే ఒక అవ్వ, ఊరు పోతే పోనీ, తల్లి కాడికి పోవద్దా సచ్చినోడు అని శాపనార్థాలు పెట్టింది. మా అమ్మ మాత్రం తడి చెయ్యి చీర కుచ్చిళ్ళకు తుడుచుకుని, ఆ బొమ్మ మొహాన్ని వేలితో ముట్టుకుంది, ఎంత తుడిచినా పోని నల్లటి వేలిముద్ర వాడి చెంప మీద పడింది. కొన్నేళ్ళ కిందట రాచర్ల దగ్గర పల్లెలో మా అమ్మమ్మ పోయిందన్న కబురు వచ్చిన రోజు షెడ్డు ముందు లారీ లోడవుతోంది, పని అయ్యాకే అమ్మను వదిలారు, ఆమె పోయేటప్పటికి సమాధి మీద మట్టి కూడా సర్దేశారు. ఆ సంగతి అమ్మ ఇంట్లో ఎన్నడూ ఎత్తేది కాదు.

ఆ ఆదివారం మా ఊరి చర్చిలో, ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా అని పాస్టరు అయ్యగారు అడిగితే, అమ్మ లేచి నిలబడింది. సుధీర్ అనే బిడ్డ, లైన్‌మన్ పని, తల్లి ఆఖరిచూపు దక్కలేదు, వాని ఆదరణ కోసం, ఓదార్పు కోసం ప్రార్థించమని కోరింది. నేను ఆమె కొంగు పట్టి లాగాను, ఆమె నా చెయ్యి తీసేసింది. అయ్యగారు కళ్ళు మూసుకుని, సుధీర్ కోసం ఎంత చక్కగా ప్రార్థన చేశారంటే, చాపల మీద సగం మంది ముక్కులు ఎగబీల్చారు. అంతటితో అయిపోయుంటే బాగానే ఉండేది. కానీ మా వాళ్ళలో ఎవరింట్లోనైనా చావంటే సంఘమంతా కదిలి పరామర్శకు పోవటం ఆనవాయితీ, ఆరాధన అవ్వగానే సంఘపెద్ద అమ్మ దగ్గరకొచ్చి, ఆ అబ్బాయిది ఏ ఊరు, సాయంత్రం బస్సుకు పోదాం అన్నాడు. మగవాళ్ళ వైపు నుంచి మా చిన్నాయన ఫక్కున నవ్వాడు, నవ్వి మొత్తం బయటపెట్టాడు.

అబ్బో, ఇక చూడండి. బొమ్మల పుస్తకంలోవాణ్ణి దేవుని సన్నిధికి తెచ్చిందని సంఘపెద్ద అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. వచ్చే ఆదివారం అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి, లేకపోతే ఇక ఆమె పాట ఎత్తకూడదు అని తేల్చేశాడు. పాట ఎత్తటం మా అమ్మకు ప్రాణం. కూలికి పోయే మనిషికి ఊళ్ళో ఉన్న గౌరవమల్లా అదొక్కటే, ఆమె మొదటి చరణం అందుకుంటేనే మిగతా ఆడవాళ్ళ గొంతులు లేచేవి. ఆ వారమంతా నేను ఆమె వెంటపడ్డాను, ఒక్క మాట అనెయ్యవే, పోయేదేముంది అని. ఆమె చట్రాలు బిగిస్తూనే ఉంది.

ఆదివారం వచ్చింది. అమ్మ లేచి నిలబడి కొంగు సర్దుకుంది. "వాడు బొమ్మని నాకు తెల్దా అయ్యగారూ? తెలిసే అడిగినా. మా అమ్మ పోయిన పొద్దు నేను పనిలో ఉన్నా. మన్ను కప్పినాక పోయినా. అయిపోయిందిలే, ఇంకేం ఏడుస్తావు అన్నారే గానీ, నన్నెవరూ ఏడవనియ్యలా. ఈ పిల్లోడు పేజీ నిండా కూచోని ఏడ్చినాడు. వాడు బొమ్మయితే వాని కష్టం గూడా బొమ్మేనా? నేను తప్పు చెయ్యలా. ఒప్పుకోను." ఆ మాట అనేసి చాప మీద కూర్చుంది.

సంఘపెద్ద తన భార్యను పాట ఎత్తమని సైగ చేశాడు. ఆమె ఎత్తింది, పాపం మంచి గొంతే. కానీ షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు ఒక్కరూ నోరు కలపలేదు. అప్పుడు సుధీర్‌కు శాపనార్థాలు పెట్టిన అవ్వ అందరికన్నా గట్టిగా పెదవులు బిగించి కూర్చుంది. పాట సగంలోనే చచ్చిపోయింది. అయ్యగారు అమ్మ వైపు తిరిగి, "నువ్వే ఎత్తమ్మా" అన్నారు. అమ్మ ఎత్తింది, గొంతు పగిలిపోయింది, కన్నీళ్ళు ధారగా కారుతున్నా పాట ఆపలేదు, ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు. మరుసటి నెల పత్రిక దిగిన రోజు, రాయి పక్కన పెట్టి అందరికన్నా ముందు దొంతి దగ్గరికి వచ్చింది మా చిన్నాయనే, "సుధీర్ ఎట్లున్నాడు?" అంటూ.

ఇదంతా చెప్పేసరికి మనవరాలు మళ్ళీ ఫోను అందుకుని, నువ్వూ ఒక మాట చెప్పు అమ్మమ్మా, కింద రాస్తానంది. ఏడ్చినంత మాత్రాన వాడు తక్కువవాడైపోడు, ఏడవనియ్యండి వాణ్ణి, చేతకాకపోతే చదవటం మానుకోండి అని రాయించాను. దానికీ తిట్లు వచ్చాయట, రానివ్వండి. పలకలు పోయాయి, ఆ షెడ్డు పోయింది, అమ్మ కూడా పోయి చాలాకాలమైంది, ఆ రోజు మాత్రం నేను ఆమె మంచం పక్కనే ఉన్నాను, కడుపారా ఏడ్చాను. ఇప్పుడు చదివేవాళ్ళు లెక్కలేనంత మంది, మాట విసిరేసి పోతారు. మా వాళ్ళు కూడా వాణ్ణి తిట్టారు, నవ్వారు, నేను కాదనను. కానీ సుధీర్‌ది ఏ ఊరో ఆ పుస్తకంలో రాసి ఉంటే, ఆ తిట్టినవాళ్ళే పని మానుకుని, బస్సెక్కి, పరామర్శకు పోయి ఉండేవాళ్ళు.